పదును

ఢిల్లీ నుంచి రావాల్సిన మట్టి రాలేదని
నాకు కబురొచ్చింది.
గోదారి రెండు పాయల మధ్య కూర్చుని
మట్టి కోసం ఢిల్లీ వైపు చూడ్డమేంటండీ అని నవ్వాను.
ఆర్మరర్ మోకా ప్రకాశరావు నవ్వలేదు.
"నాలుగు బస్తాలు. రాయుండకూడదు, వేరుండకూడదు.
మనిషి ఒంటిలా ఉండాలి బాబాయ్" అన్నాడు.

నలభయ్యేళ్ళుగా తొక్కుతున్నాను.
కుండకి కావాలన్నారు, చట్టికి కావాలన్నారు,
ఇలా ఎవరూ అడగలేదు.

కపిలేశ్వరపురం లంక అంచున
మొన్నటి వరద మూడు వేళ్ళ మందాన పరిచిన ఒండ్రు,
గుడ్డలో వడగట్టి, ఆరబెట్టి, రాత్రి తడిపి
తెల్లారేదాకా మడమలతో మెదిపాను.

ఫైరింగ్ రేంజి అంటే మూతబడ్డ ఇటుకబట్టీ గొయ్యి.
మూడు వైపులా కట్ట, నాలుగో వైపు కొబ్బరిచెట్లు,
మట్టల మీద కొంగలు.
చెక్కపెట్టెలో మట్టి నింపి చదును చేశాక
ప్రకాశరావు పైనుంచి ఇనపగుండొకటి జారవిడిచాడు.
పడ్డ గుంటకి స్కేలు పెట్టి చూసి
"ఇంకొంచెం పదును రావాలి" అన్నాడు.
నేను తలూపాను.
మా ఇద్దరికీ ఆ మాట ఒకటే.
పక్క పెట్టెలో వరసగా పడుకున్న మొనలకీ
అదే మాట.

ముందు ఇనుము.
కోటిపల్లి రేవులో తుక్కుకి అమ్మేసిన పంటు తాలూకు రేకు.
దాని మీద నిలబడే కదా
కుండల గంపతో ముక్తేశ్వరం దాటేవాణ్ణి!
అన్నేళ్ళు గోదారిని లోపలికి రానివ్వని రేకు.
లావుపాటి తూటా దానికి సొట్ట పెట్టి తనే చితికిపోయింది.
సన్నది మాత్రం
పొద్దున్నే పనికి పోయే మనిషిలా అవతలికి పోయింది.
"లావుది కదండీ గట్టిగా తగలాలి?"
"బరువు కాదు బాబాయ్, జోరు."
కన్నానికి కన్ను ఆనించాను. అవతల
ఒక కొబ్బరికాయ, సగం.

తర్వాత చొక్కా.
చొక్కా అనే అంటారు గానీ
నడక నేర్చిన పిల్లాడంత బరువు.
లోపల పలకలు, పైన ముతకగుడ్డ.
నా మట్టి మనిషికి తొడిగి
బెల్టులు బిగించాడు గుబ్బల సత్తిపండు,
వచ్చే నెల ఏజెన్సీకి ఎక్కాల్సిన కుర్రాడు.
"నా సైజేనండాయ్" అన్నాడు పెట్టెతో.

ఒక్కటే పేలింది.
కొంగలు తెల్లగా లేచి లంక వైపు పోయాయి.
చొక్కా విప్పితే పలక చిట్లింది,
తూటా అందులోనే ఉండిపోయింది.
కాయితం మీద "ఆగింది" అని రాసుకుని
అప్పుడు తిరిగాడు ప్రకాశరావు మట్టి వైపు.

గుంట.
ఏదీ దూరలేదు. ఏదీ తాకలేదు.
అయినా గుంట,
సారె మీద బొటనవేలితో నేను తెరిచే
మొదటి నోరంత నున్నగా.
"నలభై ఒకటి. నలభై నాలుగు దాకా పాసే."
మిల్లీమీటర్లట.
సత్తిపండు గుండీల మధ్య వేళ్ళు దూర్చి
పక్కటెముకలు తడుముకోవడం నేనొక్కణ్ణే చూశాను.
"పాసంటే బతికినట్టేనాండీ సార్?"
"పాసంటే పాసురా."
అని, స్కేలుని ప్యాంటుకి
తుడిచిందే తుడుస్తూ నిలబడ్డాడు.

తడిచెయ్యి పెట్టి గుంట పూడ్చాను.
మళ్ళీ పేల్చారు, మళ్ళీ పూడ్చాను.
ఆరోసారికి కొంగలు లేవడం మానేశాయి.

స్టోరులో చోటు లేదని మట్టి నాకే ఇచ్చేశారు.
నెల తిరిగాక మూకుళ్ళు చేస్తుంటే
సారె మీద బొటనవేలు సర్రున తెగింది.
గోరంత రాగిరేకు,
ఆ కాయితంలో ఎక్కడా లేనిది.

ఏజెన్సీకి బయల్దేరుతూ సత్తిపండు వచ్చాడు,
అక్కడ మంచినీళ్ళకి కుండ కావాలని.
డబ్బు తీసుకున్నాను.
ఊరికే ఇస్తే అదేదో శకునంలా ఉంటుందని.
రేకు సంగతి చెప్పలేదు.
కట్టు కట్టిన వేలు వెనక్కి పెట్టుకున్నాను.

వేలి మడతతో కొట్టి చూశాడు. ఖంగుమంది.
"పాసే కదా బాబాయ్?"
"మా దాంట్లో నీళ్ళు పోస్తే గానీ తెలీదురా."

పోశాం.
ఇద్దరం గొంతుక్కూర్చుని అడుగు వైపే చూస్తున్నాం.
కాసేపటికి కుండకి చెమట పట్టింది.
కొత్త కుండకి పడుతుంది. మంచిదే.